సూట్‌కేసుకు రెండు కాటాలు



ఏప్రిల్ చివరికి వచ్చేసరికి గుంటూరు, తెనాలి, నరసరావుపేట, ఒంగోలు ఇళ్లలో ఒక హడావుడి మొదలవుతుంది. కొత్త ఆవకాయ జాడీల్లోకి ఎక్కుతుంది. అందులో ఒక వాటా ప్లాస్టిక్ డబ్బాల్లోకి ఎక్కుతుంది. డల్లాస్‌లో కూతురికి పురుడనో, న్యూజెర్సీలో కొడుకు గృహప్రవేశమనో పెద్దవాళ్లు ప్రయాణానికి సిద్ధమవుతారు. హాల్లో సూట్‌కేసు తెరిచిపెట్టి, కొక్కెం కాటాకు తగిలించి, ఇద్దరు మనుషులు పైకెత్తి చూస్తారు. 23 కిలోలు దాటితే కందిపొడి పొట్లం ఒకటి తీసి రెండో పెట్టెలోకి మారుస్తారు. కాదంటే గోంగూర పచ్చడి ఉంచి, ఆయన స్వెట్టరు తీసేస్తారు. మన వాళ్ల లెక్కల్లో స్వెట్టరు ఎప్పుడూ ఓడిపోతుంది.

ఈ కాటా విమాన కంపెనీది. దానికి కిలోలు తప్ప ఇంకేం పట్టవు. రెండో కాటా ఒకటి ఉంది. అది విమానం దిగాక, పెట్టె చేతికొచ్చాక ఎదురవుతుంది. పెట్టెలో ఏముంది, దాని ఖరీదెంత, అది ఎవరిది, అసలు ఈ దేశంలోకి రావచ్చా అని అడుగుతుంది. అదే కస్టమ్స్. మొదటి కాటాకు భయపడేదాంట్లో పదో వంతు కూడా మనం రెండోదానికి భయపడం. ఇవాళ ఆ రెండోదాని సంగతి మాట్లాడుకుందాం.

ముందు ఇక్కణ్ణుంచి వెళ్లే పెట్టె చూద్దాం. అమెరికాకు ఆవకాయ పట్టుకెళ్లొచ్చు. కారం, పసుపు, ధనియాల పొడి వంటి ఎండు మసాలాలు మామూలుగా రానిస్తారు. చాలామంది అడిగే ప్రశ్న ఇంకోటుంది: నాటుకోడి పచ్చడి? కుదరదు. మన దేశం నుంచి ఇంట్లో చేసి పట్టుకెళ్లే మాంసం ఏ రూపంలో ఉన్నా, నూనెలో మునిగి ఉన్నా, బుట్టలో పడేస్తారు. అది పశువుల, కోళ్ల జబ్బుల భయం. దాంతో వాదన పెట్టుకుని లాభం లేదు.

కరివేపాకు కూడా కుదరదు. పచ్చి కరివేపాకు రెమ్మ ఒక్కటి కూడా. దొడ్లో కోసి, తడి గుడ్డలో చుట్టి, చీర మడతల్లో దాచి తీసుకెళ్లే తల్లులు వినాలి. కరివేపాకు చెట్టూ, నిమ్మ, బత్తాయి చెట్లూ ఒకే కుటుంబానివి. సిట్రస్ సిల్లా అనే చిన్న పురుగు వీటి లేత ఆకుల మీద గుడ్లు పెడుతుంది. ఆ పురుగు మోసుకొచ్చే గ్రీనింగ్ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడింది. ఆ తర్వాత అక్కడి కమలా తోటలు ఎలా కుప్పకూలాయో ఆ రాష్ట్రం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ దేశపు అధికారి కంటికి మన పోపు రెమ్మ ఒక తోటను చంపే సామాను.

బియ్యం సంగతి ఇంకా కష్టంగా అనిపిస్తుంది. మన బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టిన బీపీటీ 5204, అంటే సాంబమసూరి, దేశమంతా తింటోంది. ఆ బియ్యమే ఒక అయిదు కిలోలు సంచిలో పోసుకుని అమెరికా విమానం ఎక్కితే మాత్రం దిగాక అప్పగించాల్సిందే. కారణం ఖాప్రా పెంకుపురుగు. గోదాముల్లో ధాన్యం నిల్వ చేసినవాళ్లకు దాని పరిచయం అక్కర్లేదు. తిండి లేకుండా నెలల తరబడి సంచి కుట్టుల్లో బతికి ఉండి, అదను చూసి గింజను పిండి చేస్తుంది. ఆ పురుగు ఉన్న దేశాల నుంచి ప్రయాణికుల పెట్టెల్లో బియ్యం రాకూడదని అమెరికా నియమం. మన దేశం ఆ జాబితాలో ఉంది. శనగలకూ ఇదే అడ్డు.

ఇదంతా వినేసరికి "వాళ్లకి మరీ చాదస్తం" అనిపిస్తుంది. ఎవరన్నా అననివ్వండి గానీ పత్తి, మిర్చి వేసే మన ప్రాంతపు రైతు అనకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

పత్తి చేలో గులాబీ రంగు పురుగు ఉందే, కాయ తొలిచి దూదిని పాడుచేసేది, దానికి శాస్త్ర ప్రపంచంలో పేరు పెట్టింది 1840లలో మన దేశం నుంచి పంపిన నమూనాలు చూసి. ఆ పురుగు మన దేశపు పత్తి గింజల్లో దాక్కుని 1900ల మొదటి దశకంలో ఈజిప్టు చేరింది. ఈజిప్టు గింజలతో 1911లో మెక్సికో వెళ్లింది. 1917లో టెక్సాస్ చేలల్లో తేలింది. దానికి రెక్కలున్నా అట్లాంటిక్ దాటింది ఆ రెక్కలతో కాదు, మనుషులు మోసిన గింజల మూటలతో. ఆ పురుగును పూర్తిగా తరిమేశామని అమెరికా వ్యవసాయ శాఖ ప్రకటించింది 2018లో. అంటే వంద సంవత్సరాల యుద్ధం. మన దగ్గర ఆ యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. బీటీ విత్తనం వచ్చాక పీడ విరగడైందనుకున్నాం, అది బీటీకి కూడా అలవాటుపడింది.

మిర్చి రైతుకు ఇంకా దగ్గర జ్ఞాపకం ఉంది. 2021లో గుంటూరు, ప్రకాశం మిరప తోటల్లో పూతంతా నల్ల తామర పురుగులతో నిండిపోయింది. శాస్త్రవేత్తలు త్రిప్స్ పార్విస్పైనస్ అంటారు. ఆగ్నేయాసియా పురుగది. మన దేశంలో 2015లో బెంగళూరు వైపు బొప్పాయి మీద మొదట కనిపించింది. ఆరేళ్లకు మన మిరప పువ్వులో కాపురం పెట్టింది. ఏ మందు కొట్టినా లొంగక, పూత రాలిపోయి, ఎంతోమంది చెట్లు పీకేసి భూమి దున్నేశారు. ఎకరానికి లక్షలు పెట్టి గుండె పట్టుకు కూర్చున్న ఇళ్లు మన పల్లెల్లో ఎన్నో. పరాయి దేశపు పురుగు ఒకటి సరిహద్దు దాటితే ఏమవుతుందో మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కనుక అక్కడి అధికారి మన పెట్టె తెరిచి బియ్యం తీసి పక్కన పెడితే, వాళ్ల రైతు కోసం చేస్తున్నాడని సరిపెట్టుకోవాలి. మన అధికారి కూడా ఇదే పని చేయాలి. విదేశం నుంచి వచ్చేటప్పుడు అక్కడి పూలమొక్కో, కొత్తరకం టమాటా విత్తనమో జేబులో వేసుకుని రావడం మన చట్టంలోనూ తప్పే. మొక్కలు, విత్తనాలు రావాలంటే అనుమతి ఉండాలని 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు చెబుతోంది.

అమెరికాలో దిగాక తిండి సామాను ఏమైనా ఉందా అని అడుగుతారు. "ఉంది, పచ్చళ్లు, పొడులు" అని చెప్పేస్తే సరిపోతుంది. చెప్పిన వస్తువు నిషిద్ధమైనదే అనుకుందాం, తీసి పారేస్తారు, అంతే. జరిమానా ఉండదు. లేదని చెప్పి, కుక్క వాసన పట్టాక దొరికితే జరిమానా 300 డాలర్ల నుంచి మొదలవుతుంది. పాతిక వేల రూపాయల పైమాటే. ఆ డబ్బుతో న్యూజెర్సీ కొట్లో ఎన్ని కరివేపాకు కట్టలు వస్తాయో కూతుర్నే అడగండి. నగదు సంగతీ అంతే. కుటుంబం మొత్తం మీద 10,000 డాలర్లకు మించి ఉంటే చెప్పాలి. తీసుకెళ్లడం నేరం కాదు, దాచడమే నేరం.

ఇప్పుడు విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం వైపు వద్దాం. 2022 అక్టోబరు 31న విజయవాడ నుంచి షార్జాకు నేరుగా విమానం మొదలైంది. సింగపూర్ విమానం 2018లో మొదలై, ఆగి, మళ్లీ 2025 నవంబరులో వచ్చింది. హైదరాబాదు వెళ్లే పని లేకుండా ఇంటి దగ్గరే ఎక్కొచ్చు, మంచిదే. కానీ ఈ రెండు చోట్లా కొన్ని నియమాలు అమెరికా కన్నా కఠినం.

గల్ఫ్ వెళ్లేవాళ్లు ముఖ్యంగా వినండి. గసగసాలు. మన వంటింట్లో కోడికూరలో మసాలా ముద్ద నూరుకునే గసగసాలు ఎమిరేట్స్‌లో, సౌదీలో మత్తుపదార్థాల లెక్కలోకి వస్తాయి. నల్లమందు మొక్క గింజలే కాబట్టి. పావుకిలో పొట్లానికి జైలు చూసినవాళ్లున్నారు. తెలియక తెచ్చాం, మా అమ్మ పెట్టింది అంటే అక్కడి కోర్టులో చెల్లుబాటు కాదు. కనుక అమ్మలకే విన్నపం: కలిపి నూరిన మసాలా పొడిలో కూడా గసగసాలు వేయకండి. నొప్పులకు వాడే ట్రమడాల్, కొడీన్ ఉన్న దగ్గు మందు వంటివి డాక్టరు చీటీ, ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. గల్ఫ్‌కు పనికి వెళ్లే మనిషి చేతిలో బయల్దేరే ముందు ఎవరో ఒక పొట్లం పెడతారు. "అక్కడ మా తమ్ముడుంటాడు, ఎయిర్‌పోర్టుకొచ్చి తీసుకుంటాడు" అంటారు. అందులో ఏముందో మీకు తెలియదు. మీ పెట్టెలో ఉన్నది మీదే అని చట్టం అంటుంది. మొహమాటానికి పోయి మూడేళ్లు పోగొట్టుకోవద్దు.

సింగపూర్‌లో సిగరెట్లకు డ్యూటీ ఫ్రీ అనేదే లేదు. ఒక్క పెట్టె ఉన్నా చెప్పి సుంకం కట్టాలి. నమిలే పొగాకు, అంటే మన గుట్కా, ఖైనీ మొత్తానికే నిషేధం. బబుల్‌గమ్ అమ్మకానికీ దిగుమతికీ అడ్డుందన్నది అందరికీ తెలిసిన కథే.

ఇంకా దూరంగా, కరీబియన్ దేశాలకూ మన పిల్లలు వెళ్తున్నారు. గయానా, బార్బడోస్ వంటి చోట్ల మెడిసిన్ చదవడానికి. ఒకప్పుడు మద్రాసు ఓడల్లో చెరకు తోటల కూలీలుగా తెలుగువాళ్లు దిగిన గయానాయే అది. మిరపకాయను కొలంబస్ మొదటిసారి చూసింది కూడా కరీబియన్ దీవుల్లోనే. అక్కడి పత్తి జాతి ఒకదానికి శాస్త్రనామంలో బార్బడోస్ పేరే ఉంది. మనం పండించే రెండు పంటలకూ చుట్టరికం ఉన్న ఊళ్లన్నమాట. అక్కడికి వెళ్లే కుర్రవాడి పెట్టెలో తండ్రులు ఒకటి చూసుకోవాలి: మిలిటరీ మచ్చల ప్యాంటు, టోపీ. మన సంతలో రెండొందలకు దొరికే ఆ మచ్చల బట్టలు బార్బడోస్, జమైకా, ట్రినిడాడ్ వంటి దేశాల్లో సైనికులు తప్ప ఎవరూ వేసుకోకూడదు. అది నేరం. విమానం దిగేటప్పుడే తీసేసుకుంటారు.

ఇక తిరుగు ప్రయాణం. ఎక్కువమందికి గుబులు పుట్టేది ఇక్కడే, ఎక్కువ అపోహలూ ఇక్కడే.

2016 నుంచి మన దేశంలో బ్యాగేజీ నియమాలు అమల్లో ఉండేవి. ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగలిగే కొత్త వస్తువుల విలువ 50,000 రూపాయలు. 2026 ఫిబ్రవరి 2 నుంచి కొత్త నియమాలు వచ్చాయి, ఆ పరిమితి 75,000 అయింది. ఇక్కడ ఉండేవాళ్లకీ, అమెరికా పాస్‌పోర్టు తీసుకున్న మన పిల్లలకీ కూడా ఇదే. భారత సంతతి కాని విదేశీ పర్యాటకుడికి మాత్రం 25,000. మీరు వాడుకుంటున్న బట్టలు, వాచీ, మీ చేతిలో ఏడాదిగా ఉన్న ఫోను ఈ లెక్కలోకి రావు. 18 ఏళ్లు నిండినవారికి ఒక ల్యాప్‌టాప్ దీనికి అదనం. మందు రెండు లీటర్లు, సిగరెట్లు వంద. మనం దిగిన విమానాశ్రయంలో డ్యూటీ ఫ్రీ కొట్టు కనిపిస్తుంది కదా, అందులో కొన్నదీ ఈ పరిమితిలోదే. అక్కడ రెండు సీసాలు, సింగపూర్‌లో రెండు సీసాలు అంటే కుదరదు.

అపోహల్లో పెద్దది కుటుంబ లెక్క. భార్యాభర్తలిద్దరూ వస్తున్నారు, కొడుకు లక్షన్నర పెట్టి కొత్త ఫోను కొనిచ్చాడు. "ఇద్దరికీ చెరో 75 వేలు, సరిపోయింది" అనుకుంటారు. సరిపోదు. ఒకరి పరిమితి ఇంకొకరిదానితో కలపకూడదు. ఫోను ఒకరిదే, మినహాయింపూ ఒకరిదే. మిగతా 75,000 మీద సుంకం కట్టాలి. ఏళ్లుగా అమల్లో ఉన్న బ్యాగేజీ రేటు సర్‌ఛార్జీతో కలిపి 38.5 శాతం, అంటే 28,875 రూపాయలు. అదే ఫోను గుంటూరులో కొంటే ఎంతవుతుందో కొడుకు లెక్క చూసుకుంటే బాగుండేది.

బంగారం దగ్గర కాస్త నిలబడదాం. ఏడాదికి పైగా విదేశంలో ఉండి తిరిగొచ్చే ఆడవారు 40 గ్రాముల నగలు, మగవారు 20 గ్రాముల నగలు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చని 2016 నియమం. దానికి ఒక తోక తగిలించారు. ఆడవారికి లక్ష రూపాయలు, మగవారికి 50 వేలు విలువ దాటకూడదు. 2016లో పది గ్రాములు 30 వేల చిల్లర ఉన్నప్పుడు లక్ష అంటే 30 గ్రాములపైనే వచ్చేది, సర్లే అనుకున్నాం. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల ధర లక్ష తాకింది. కాగితం మీద 40 గ్రాములు, కౌంటరు దగ్గర పది గ్రాములు కూడా కాదు. ఆ తోకను కత్తిరించకుండా అన్నేళ్లు ఉంచడం నా దృష్టిలో అన్యాయం. ఎంతోమంది గల్ఫ్ కూలీలు, నర్సులు ఆ కౌంటర్ల దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నారు. కొత్త నియమాలు విలువ పరిమితి తీసేసి బరువు ఒక్కటే ఉంచాయి. మంచి పని, ఆలస్యమైన మంచి పని.

ఇక్కడ కూడా మెలిక ఉంది. "ఏడాదికి పైగా" అన్నమాట గమనించారా? మనవణ్ణి చూసుకోవడానికి విజిటర్ వీసా మీద వెళ్లి అయిదారు నెలలకు వచ్చే అమ్మమ్మకు ఈ నగల మినహాయింపు వర్తించదు. ఆమె ఒంటి మీద ఇక్కణ్ణుంచి వేసుకెళ్లిన గాజులు, నానుతాడు, గొలుసే ఉన్నా, కొత్తగా మెరుస్తుంటే అధికారికి అనుమానం రావచ్చు. ఒంటి మీది వాడిన నగలను వ్యక్తిగత సామానుగానే చూడాలని ఢిల్లీ హైకోర్టు కొన్ని తీర్పుల్లో చెప్పింది. కోర్టు దాకా పోవడం ఎందుకు? వెళ్లేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ కౌంటరు దగ్గర నగలు చూపించి ఎగుమతి ధ్రువపత్రం రాయించుకోండి. ఇందుకు మామూలుగా చేరే టైముకన్నా ఒక గంట ముందు చేరితే చాలు. తిరిగొచ్చేటప్పుడు ఆ కాగితం మీ తరఫున మాట్లాడుతుంది.

నగల మినహాయింపు నగలకే. బిస్కెట్టుకు, నాణేనికి లేదు. కనీసం ఆరు నెలలు బయట ఉండి వచ్చే భారత సంతతి ప్రయాణికుడు సుంకం కట్టి కిలో బంగారం దాకా తేవచ్చు, సుంకం విదేశీ కరెన్సీలో కట్టాలి. బంగారం మీద సుంకాన్ని 2024 జూలైలో 15 నుంచి 6 శాతానికి తగ్గించారు. బెల్టులో, బూటులో, ఇంకెక్కడెక్కడో దాచుకొచ్చేవాళ్ల లాభం ఆ రోజు సగానికి పైగా తరిగింది. స్మగ్లింగును పోలీసు కన్నా బాగా ఆపేది తక్కువ రేటే.

ఈ మాట మన సముద్రతీరానికి కొత్త కాదు. చినగంజాం దగ్గర మోటుపల్లి ఉంది. ఇప్పుడది చిన్న పల్లె, కాకతీయుల కాలంలో పెద్ద రేవు. గణపతిదేవ చక్రవర్తి 1244–45 ప్రాంతంలో అక్కడ ఒక అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, మణులు అన్నీ బలవంతంగా లాక్కునేవాళ్లు. ఇకమీదట అలా చేయం, నిర్ణయించిన సుంకమే తీసుకుంటాం అని ఆయన దేశదేశాల వర్తకులకు మాటిచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పైకి ఒకటి. గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టుదారం, మిరియాలు, పోకలు ఒక్కొక్కదానికీ రేటు రాతి మీద చెక్కించి నిలబెట్టాడు. వర్తకుడికి కావలసింది సుంకం లేకపోవడం కాదు, ఎంత కట్టాలో ముందే తెలియడం. ఆ సంగతి ఆయనకు తెలుసు.

ఇప్పుడా రాయి స్థానంలో వెబ్‌సైటు ఉంది. కేంద్ర పరోక్ష పన్నుల, కస్టమ్స్ బోర్డు వాళ్లది. అతిథి అనే మొబైల్ యాప్ కూడా ఉంది. విమానం దిగకముందే అందులో సామాను వివరాలు చెప్పుకోవచ్చు. దిగాక రెండు దారులు. సుంకం కట్టాల్సిందేమీ లేకపోతే ఆకుపచ్చ దారి, ఉంటే ఎర్ర దారి. హైదరాబాదు, ఢిల్లీ మీదుగా గన్నవరం వచ్చేవాళ్లకు మామూలుగా ఈ తనిఖీ దేశంలో అడుగుపెట్టిన తొలి విమానాశ్రయంలోనే ఉంటుంది. ఆకుపచ్చ దారిలో కాలు పెట్టారంటే "నా దగ్గర ఏమీ లేదు" అని చెప్పినట్టే లెక్క. ఆ తర్వాత దొరికితే సామాను జప్తు, జరిమానా, తీవ్రత బట్టి కేసు. ఎర్ర దారి అంటే చాలామందికి అవమానంలా తోస్తుంది. అందులో అవమానం ఏమీ లేదు, అది రసీదు ఇచ్చే దారి. కట్టడానికి డబ్బు చాలకపోతే, ఉన్నట్టు చెప్పిన వస్తువును అక్కడే అట్టిపెట్టించి, తిరిగి దేశం దాటేటప్పుడు తీసుకునే వీలు 1962 కస్టమ్స్ చట్టం 80వ సెక్షన్‌లో ఉంది. ఆ మాట అడిగితేనే చెబుతారు, అడగండి. సుంకం కట్టిన రసీదు చేతిలో లేకుండా ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

అమెరికాలో, గల్ఫ్‌లో, గయానాలో ఉన్న పిల్లలకు ఒక మాట. టికెట్టు మీరే తీస్తారు, సీటు మీరే చూస్తారు, వీల్‌ఛెయిరు కూడా మీరే పెట్టిస్తారు. దాంతోపాటు ఆ వారం నియమాలు అధికారిక వెబ్‌సైటులో మీరే చదివి, అమ్మానాన్నలకు ఫోనులో తెలుగులో చెప్పండి. నిరుడు పక్కింటివాళ్లు ఏదో పట్టుకెళ్లారన్నది నియమం కాదు. పెద్దవాళ్ల పెట్టెలో మీ స్నేహితుల పొట్లాలు పెట్టించకండి. పెద్దలారా, అధికారి అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంగ్లీషు రాకపోతే పెట్టెలో ఉన్న సామాన్ల పేర్లు ఇంగ్లీషులో రాయించుకున్న కాగితం ఒకటి పాస్‌పోర్టులో పెట్టుకుని, దాన్ని చేతికివ్వండి.